పేరు మారలేదుగా అంటే సరిపోదు

లైబ్రరీలు, అంటే వేరే ప్రోగ్రామర్లు తమ కోడ్‌లో వాడుకునే రెడీమేడ్ కోడ్, రాసేవాళ్ల మధ్య తరచూ తిరిగే మాట ఒకటుంది: "ఫంక్షన్ పేరు, ఆర్గ్యుమెంట్లు అలాగే ఉంచితే చాలు. కొత్త వెర్షన్‌లో రిటర్న్ వాల్యూ, అంటే ఫంక్షన్ తిరిగిచ్చే విలువ, కాస్త మారినా ఫర్వాలేదు. కోడ్ ఆగితే ఎర్రర్ కనిపిస్తుంది, సరిచేసుకుంటారు. డాక్యుమెంటేషన్‌లో లేనిదాన్ని నమ్ముకుంటే వాళ్లదే తప్పు. మార్పు చేంజ్‌లాగ్‌లో, అంటే వెర్షన్ మార్పుల జాబితాలో, ఎలాగూ రాస్తాం."

ముందు ఆ ఎర్రర్ సంగతి. 2008లో వచ్చిన పైథాన్ 3నే, అంటే పైథాన్ భాష మూడో వెర్షన్‌నే తీసుకోండి. డిక్షనరీలో కీస్ అడిగితే అంతకుముందు లిస్ట్ వచ్చేది, ఇప్పుడు ఆ కీస్‌ని చూపించే వ్యూ వస్తుంది, లిస్ట్ కాదు. మొదటి కీ కోసం దానికి ఇండెక్స్ వేస్తే వెంటనే టైప్ ఎర్రర్. ఇది నయం, అరిచి మరీ చెబుతుంది. లిస్ట్‌లో ప్రతిదానికీ ఒక ఫంక్షన్ వర్తింపజేసే మ్యాప్ అలా కాదు. లిస్ట్ బదులు, ఒక్కసారే చదవగలిగే ఇటరేటర్ ఇస్తుంది కాబట్టి మొదటి లూప్ చక్కగా నడుస్తుంది, రెండో లూప్‌కి అందులో ఏమీ మిగలదు. ఎర్రర్ రాదు, రిపోర్టు ఖాళీగా వస్తుంది. దగ్గరి పూర్ణాంకానికి సవరించే రౌండ్‌కి 2.5 ఇస్తే పైథాన్ 2లో 3.0, పైథాన్ 3లో 2. లెక్క తేడా వచ్చిందని ఎవరో పట్టుకునేదాకా తెలియదు. పైథాన్ వాళ్లు కనీసం మేజర్ వెర్షన్ మార్చి, ముందే చెప్పి చేశారు. ఇలాంటివి చిన్న బగ్గులు సరిచేసే ప్యాచ్ రిలీజ్‌లో దూర్చేవాళ్లనేం అనాలి?

"కాస్త" మారడం అంటే ఎంత? వెబ్‌సైట్లకు వాడే పీహెచ్‌పీ భాష 8వ వెర్షన్‌లో, నెట్ రిక్వెస్ట్ సిద్ధం చేసే కర్ల్ ఇనిట్ ఫంక్షన్, రిసోర్స్ అనే రకం విలువ బదులు ఆబ్జెక్ట్ ఇవ్వడం మొదలుపెట్టింది. వచ్చింది రిసోర్సేనా అని ఈజ్ రిసోర్స్ ఫంక్షన్‌తో చెక్ చేసే పాత కోడ్‌కి అంతా సవ్యంగా ఉన్నా ఫెయిలైనట్టే కనిపిస్తుంది. విఫలమైతే ఫాల్స్ ఇచ్చే పద్ధతి మారలేదు కాబట్టి దాంతో పోల్చినవాళ్లు బతికిపోయారు.

డాక్యుమెంటేషన్ మాటలో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. రెండు మెమరీ ముక్కల్ని పోల్చే మెమ్‌కంప్ అనే సీ భాష ఫంక్షన్ ఇచ్చేది సున్నానా (అంటే రెండూ ఒకటే), నెగటివా, పాజిటివా అన్నదే హామీ. అంకె ఎంతన్నది కాదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పాస్‌వర్డ్ సరిచూసేటప్పుడు ఆ అంకెను ఒక్క బైటుకి కుదించింది. వేగం కోసం తిరగరాసిన మెమ్‌కంప్ పెద్ద అంకెలు ఇచ్చే సిస్టమ్స్‌లో కింది బైటు అప్పుడప్పుడు సున్నా అయ్యేది. దాంతో దాదాపు 256 ప్రయత్నాల్లో ఒకసారి తప్పు పాస్‌వర్డ్‌తోనూ లాగిన్ అయ్యేది. 2012లో బయటపడింది. తప్పు వాడినవాళ్లదే, కానీ మూల్యం చెల్లించింది ఈ రెండు కోడ్‌లలో ఏదీ రాయనివాళ్లు.

ఇక చేంజ్‌లాగ్. మీ లైబ్రరీని ఇంకో లైబ్రరీ వాడుతుంది, దాన్ని మరొకటి. చివరన ఉన్న మనిషికి మీ లైబ్రరీ పేరే తెలియదు, చేంజ్‌లాగ్ ఎక్కడ చదువుతాడు? కొత్త రకం విలువే కావాలంటే కొత్త పేరుతో ఇంకో ఫంక్షన్ పెట్టండి, పాతదాన్ని కొన్నాళ్లు వార్నింగ్‌తో నడవనివ్వండి.