కుక్కరు మూత పిల్లలకి చూపించకండి

పిల్లల్ని సొంత కాళ్ళ మీద నిలబెట్టాలనే ప్రచారం ఈ మధ్య కృష్ణకి రెండు గట్లా జోరుగా సాగుతోంది. బెజవాడ అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో శుభోదయాల వెనకే ఈ సుభాషితం దిగుతుంది. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడిపోతే ఇక మన చేతులకి పనేముంటుందని అడిగే నాథుడు మాత్రం లేడు. పాతికేళ్ళ కుర్రాడు తన అన్నం తనే వండుకుని, తన చొక్కా తనే ఉతుక్కుని, తన కాగితాల మీద తనే సంతకం పెట్టుకుంటూ పోతే, గుంటూరు బ్రాడీపేటలో తల్లిదండ్రులు సాయంత్రాలు ఏం చేసి పొద్దుపుచ్చాలి? మొక్కకి కర్ర కట్టి పెంచమన్నారు పెద్దలు. మానయ్యాక ఆ కర్ర తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు. అంచేత ఆ కర్ర ఊడకుండా చూసుకోవడమెలాగో, ఎక్కడెక్కడ ఊడే ప్రమాదముందో కాస్త వివరంగా చెప్పుకుందాం.

మొదటి ప్రమాదం మూడో ఏట వస్తుంది. పిల్లాడు "నేనే, నేనే" అనే మాట పట్టుకుంటాడు. చెప్పులు తనే వేసుకుంటానంటాడు, ఎడమది కుడికాలికి తొడుగుతాడు, అయినా ఒప్పుకోడు. ఆ ఏడుపుకి కరిగారా, అయిపోయారు. మరియా మాంటిస్సోరి అనే ఇటలీ డాక్టరమ్మ ఇలాగే కరిగింది. 1907లో రోములో బడి పెట్టి, చెక్క చట్రాలకి గుడ్డ బిగించి, గుండీలు కుట్టి పిల్లల ముందు పెట్టింది. వాళ్ళు పెట్టడం, తియ్యడం, మళ్ళీ పెట్టడం. చిన్న కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచుకోవడం, ఒలికితే గుడ్డ తెచ్చి తుడుచుకోవడం. రోములోనే ఉంటే మనకి నష్టం లేకపోను, 1939లో మద్రాసు అడయారు దాకా వచ్చేసింది. మనవాళ్ళు సమయస్ఫూర్తితో ఆవిడ పేరుని బోర్డుల మీదికి ఎక్కించి, గుండీల చట్రాన్ని గేటు బయటే ఆపేశారు. ఇప్పుడు ఎల్‌కేజీలో చట్రాలు లేవు, నాలుగు గీతల కాపీ పుస్తకాలున్నాయి. ఆ బెడద తీరింది.

అయితే పని నేర్పేవాళ్ళ దగ్గర ఇంకో కిటుకుంది. తెలిసుంటే జాగ్రత్తపడొచ్చు. చొక్కాకి ఆరు గుండీలుంటే, అయిదు వాళ్ళు పెట్టి ఆఖరిది పిల్లాడికి వదిలేస్తారు. మొదటి గుండీ నుంచి మొదలెట్టిస్తే మూడోదాని దగ్గర విసుగొచ్చి చేతులు వదిలేసేవాడు, ఆఖరిది మాత్రం పెట్టేసి "అయిపోయింది!" అని ఎగురుతాడు. ఆ ఎగరడమే కొంప ముంచుతుంది. అది రుచి మరిగి, వారానికల్లా అయిదోది కూడా తనకే వదలమంటాడు, ఆ తర్వాత నాలుగోది. రెండు నెలలు తిరిగేసరికి చొక్కా మన చేయి దాటిపోతుంది. మంగళగిరి పానకాల స్వామిదీ ఈ పద్ధతే. బిందెడు పోసినా సగమే పుచ్చుకుని, మిగతా సగం భక్తుడికే వదిలేస్తాడు. రోజూ గుంటూరుకీ బెజవాడకీ మధ్య ఆ కొండ పక్క నుంచే తిరుగుతున్నా మనకెవరికీ ఆ అలవాటు అంటకపోవడం సంతోషించాల్సిన విషయం. ఆరు గుండీలూ మనమే పెట్టాలి, తొమ్మిదో తరగతి దాకా.

తర్వాత ముద్ద సంగతి. పొద్దున్న ఏడున్నరకి పటమటలో గానీ, గుంటూరు లక్ష్మీపురంలో గానీ ఏదో ఒక గేటు ముందు నిలబడి చూడండి. తల్లి ఎడమ చేతిలో స్టీలు పళ్ళెం, అందులో తుంచి నెయ్యీ కారప్పొడీ అద్దిన ఇడ్లీ ముక్కలు. కుర్రాడు ఒక కాలు ముందుకు చాపి నిలబడ్డాడు. ఆ కాలి దగ్గర తండ్రి గొంతుక్కూచుని బూటు లేసు కడుతున్నాడు. కుర్రాడి రెండు చేతులూ ఫోను మీద ఉన్నాయి. కళ్ళు కూడా దాని మీదే. చెంపకి వేలు తగలగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది, చూడక్కర్లేదు. సందు మొదట్లో బస్సు హారను కొట్టగానే తల్లి రెండు ముక్కలు ఒకేసారి కుక్కి, కొంగుతో మూతి తుడుస్తుంది. తుడిచేటప్పుడు కొంచెం గరుకుగా తగులుతుంది, మీసం మొలుస్తోంది కదా.

దీనికి విరుగుడు పావుగంట ముందు లేపడమని కొందరంటారు. తల్లి పెడితే ఆరు నిమిషాల్లో అయ్యే ఇడ్లీలు వాడు తింటే ఇరవై నిమిషాలు పడతాయి గనక, ఆ తేడా నిద్రలోంచి తీస్తే సరిపోతుందని వాళ్ళ లెక్క. లెక్కలో తప్పు లేదు. కానీ పావుగంట ముందు లేవాలంటే రాత్రి అరగంట ముందు పడుకోవాలి, అందుకు ఫోను తీసుకోవాలి, తీసుకుంటే వాడు అలుగుతాడు. అలిగినవాడికి అన్నం ఎలాగూ మనమే కలిపి పెట్టాలి. చుట్టు తిరిగి మళ్ళీ పళ్ళెం మన చేతికే వచ్చేదానికి ఇంత ప్రయాసెందుకు?

ఇంటర్‌కి హాస్టల్లో వేశాక ఈ బంధం తెగుతుందని భయపడేవాళ్ళు ఆదివారం పూట కానూరు, పోరంకి, గొల్లపూడి వైపు ఒకసారి వెళ్ళి రండి. గేటు తియ్యకముందే కార్లు బారులు తీరి ఉంటాయి. ఒంగోలు వాళ్ళు తెల్లవారుజామునే లేచి కోడికూర వండుకుని వచ్చేస్తారు. చెట్టు కింద దుప్పటి పరిచి, నాలుగు గిన్నెల క్యారేజీ విప్పి, పదిహేడేళ్ళ వాడికి ముద్దలు పెడుతూ, మధ్యమధ్య ఎముక తీసి మాంసం విడదీసి ఇస్తూ ఉంటారు. తిండి అయ్యాక గోళ్ళు తియ్యడం. ఆ తర్వాత సంచుల మార్పిడి: ఉతికి మడతపెట్టిన ఏడు జతలు ఇటు, విడిచిన ఏడు జతలు అటు. సోమవారం చెమటతో తడిసిన బనియను ఆదివారం దాకా ఆ సంచీలోనే మగ్గి నల్లచుక్కలు పడి ఉంటుంది. అవి ఒకసారి పడ్డాక ఎంత ఉతికినా పోవు. ఏ పూటకాపూట తాడు మీద ఆరేస్తే పడవన్న సంగతి వాడికి చెప్పాల్సిన పనిలేదు. బనియన్లు మళ్ళీ కొనచ్చు.

ఇక మనం అన్నిటికంటే గట్టిగా కాపాడుకోవాల్సింది వంటిల్లు. పీడనం పెరిగితే నీళ్ళు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందనీ, ప్రెషర్ కుక్కర్లో అది దాదాపు 120 డిగ్రీల దాకా వెళుతుందనీ మనవాడు నిద్రలో లేపినా చెబుతాడు. చెప్పనివ్వండి. కుక్కరు మూత మాత్రం వాడి చేతికి అందనివ్వకండి. అందితే ఏమవుతుందంటే, మొదటిరోజు మూత లోపలి రబ్బరు రింగు సింకులోనే మరిచిపోయి మూత బిగిస్తాడు. ఆవిరి అంచుల చుట్టూ బుసకొడుతూ పోతుంది తప్ప కూత రాదు. ఎంతసేపు చూసినా రాదు. రింగు లేనిదే ఆవిరి లోపల నిలవదని ఆ పూట తెలుసుకుంటాడు. రెండోరోజు రింగు గుర్తుంటుంది గానీ, అన్నం గిన్నే పప్పు గిన్నే లోపల పెట్టే ముందు కుక్కరు అడుగున రెండు గ్లాసుల నీళ్ళు పొయ్యడం మరుస్తాడు. ఈసారి అడుగు నల్లబడి, మూత మీది సేఫ్టీ వాల్వు కరిగిపోతుంది. అది అందుకే పెట్టారని కూడా తెలిసిపోతుంది. మూడోరోజు అన్నీ సరిగ్గా చేసి, పప్పు గిన్నెలో కందిపప్పుతో పాటే చింతపండు కూడా పడేస్తాడు. పులుపు తగిలిన పప్పు ఎన్ని కూతలొచ్చినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. ఉడికాక పులుసు పొయ్యాలని అప్పుడు బుర్రకెక్కుతుంది. ఇక పాత బియ్యానికైతే గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళనీ, కొత్త బియ్యానికి పావు గ్లాసు తగ్గించకపోతే ముద్దవుతుందనీ, మూడు కూతలకి మంట కట్టేసి ఆవిరి తనంతట తను దిగేదాకా మూత జోలికి పోకూడదనీ పట్టుకోవడానికి ఇంకో రెండు పూటలు. మొత్తం కలిపి వారం. వారం మాడు వాసన భరిస్తే ఒక మనిషి జీవితాంతం మన చెయ్యి జారిపోతాడు. ఆ తర్వాత పోపులో ఆవాలు చిటపటలాడాకే జీలకర్ర వెయ్యాలని, రెండూ ఒకేసారి వేస్తే ఆవాలు పేలేలోపు జీలకర్ర మాడుతుందని మనకే పాఠం చెబుతాడు. ఆ అవమానం ఎవరు పడతారు?

వాడు తినే బీపీటీ 5204, అదే సాంబమసూరి బియ్యం, 1986లో మన బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిందన్న ముక్క కూడా చెప్పకండి. ఎంట్రన్సులో రాదు.

ఆడపిల్లల విషయంలో మాత్రం మనకి రెండు నాలుకలున్నాయి. కుక్కరు పదో ఏటే చూపిస్తాం, బ్యాంకు పాతికేళ్ళొచ్చినా చూపించం. అబ్బాయికి అదీ లేదు ఇదీ లేదు. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి అవుతారని పెళ్ళిళ్ళు చేస్తున్నాం కాబోలు.

బ్యాంకంటే గుర్తొచ్చింది, ఇది గుట్టుగా ఉంచాల్సిన సంగతి. పదేళ్ళు నిండిన పిల్లలు తమ పొదుపు ఖాతా తామే నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే బ్యాంకులకి చెప్పింది. ఏ హద్దుల్లోనన్నది బ్యాంకు ఇష్టం. పోస్టాఫీసులోనూ పదేళ్ళు దాటితే సొంత పేరున తెరవచ్చు, 500 రూపాయలుంటే చాలు. అంటే అయిదో తరగతి పిల్ల తన సంక్రాంతి డబ్బులు తనే తీసుకెళ్ళి, చలానా రాసి, అంకెల్లో ఒకటీ అక్షరాల్లో ఒకటీ రాసి కౌంటర్లో చీవాట్లు తిని, ఇంకో చలానా రాసి కట్టేసి రావచ్చన్నమాట. మన కన్నబిడ్డని ఎవరో గుమాస్తా చీవాట్లు పెట్టడమా! చలానా మనమే రాద్దాం. ఇరవై ఒకటో ఏట రాసినా మనమే.

1989 నుంచీ ఈ దేశం పద్దెనిమిదేళ్ళకే ఓటిస్తోంది. ప్రభుత్వాన్ని ఎన్నుకోమంది. బీసెంట్ రోడ్డులో చొక్కా ఎన్నుకోమని మాత్రం ఎక్కడా అనలేదు. అది తల్లి హక్కు. సూర్యారావుపేటలో డాక్టరుగారు "ఎక్కడ నెప్పి బాబూ?" అంటే, "ఎడం పక్కండీ, రాత్రి నుంచీ" అని చెప్పే హక్కు కూడా ఆవిడదే. వాడు పొట్ట పట్టుకుని, నిజమే అన్నట్టు అమ్మ వంక చూస్తే చాలు. ఇంజనీరింగు కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు తండ్రి పెడతాడు. సీటొచ్చిన రోజు ఎవరైనా ఏ బ్రాంచని అడిగితే "నాన్ననడిగి చెబుతా" అనేవాడే ఉత్తమ సంతానం.

మరీ కట్టేసి పెంచుతున్నారని నలుగురూ అనకుండా స్కూటరొకటుంది. పొయ్యి ముట్టనివ్వని ఇంట్లోనే పదో తరగతి పాసైన మర్నాడు బండి తాళం చేతిలో పెడతారు. పదహారేళ్ళకి చట్టం ఒప్పుకునేది గేర్లు లేని 50 సీసీ లోపు బండికి, అదీ లైసెన్సుంటేనే. బెంజి సర్కిల్లో వీళ్ళు తిప్పేవి 110, 125. మైనరు దొరికితే బండిచ్చిన పెద్దవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు అని 2019 సవరణ చెబుతోంది. జడిపించే చట్టమే, కానీ చివరి ముక్క చదవండి: ఆ కుర్రాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు. అంటే పాతికేళ్ళదాకా కాలేజీకీ, ఆఫీసుకీ, పెళ్ళిచూపులకీ నాన్నే వెనకాల ఎక్కించుకుని తిప్పాలి. మన ఆశయానికి ఇంతగా తోడ్పడిన చట్టం ఇంకోటి లేదు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని భయపెడతారు. బెజవాడలో కొండలకి కొదవా? ఇంద్రకీలాద్రి ఉంది, గుణదల ఉంది, మొగల్రాజపురం కొండలున్నాయి.

అన్నిటికీ మించిన తాడు ఒకటుంది, దూరం పోయినా తెగదు. పిల్లాడి ఆధార్‌కి, బ్యాంకు ఖాతాకి, సరుకులు తెప్పించే యాప్‌కి, అన్నిటికీ తండ్రి ఫోను నంబరే ఇచ్చి ఉంచడం. పదిహేనేళ్ళకి ఆధార్‌లో వేలిముద్రలు మళ్ళీ ఇవ్వడానికి వెళతాం కదా, పద్దెనిమిది నిండాక వాడి పేరున సిమ్ము తీసుకుంటాం కదా, అప్పుడు ఆ కేంద్రానికే ఇంకోసారి పంపి నంబరు మార్పించుకోమంటే గంట పని. ఆ గంట పని చేయించకండి. చేయించకపోతే వాడు బెంగళూరులో ఉన్నా, జీతం లక్ష దాటినా, రోజుకి రెండుసార్లు మనకి ఫోను చేస్తాడు. ప్రేమతో కాకపోతే ఓటీపీ కోసం.

ఇరవై ఆరేళ్ళ ఒకడు బెంగళూరులో తలుపు సగం తెరిచి నిలబడ్డాడనుకోండి. బయట పార్సిలు తెచ్చిన కుర్రాడు, చేతిలో అట్టపెట్టె, కోడ్ చెప్పమంటున్నాడు. గుంటూరులో ఫోను మోగుతుంది. నాన్నగారు స్నానానికి వెళ్ళారు, తల్లి తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని ఎత్తుతుంది.

"అమ్మా, నాన్న ఫోనుకి నాలుగంకెలొచ్చాయి, చూసి చెప్పు."

"దేనికి నాన్నా?"

"మూడు లీటర్ల కుక్కరు తెప్పించానమ్మా."

కాసేపు అటునించి మాట రాదు.

"నీకెందుకు నాన్నా కుక్కరు? ఆ అబ్బాయిని వెనక్కి పంపెయ్. రాత్రి బస్సుకి నేను వస్తున్నాగా."