కాల్చని విమానానికి మార్కులెవరు వేస్తారు?

పోయిన దసరా సెలవులకు మా మేనల్లుడు పర్లాకిమిడి వచ్చాడు. వచ్చిన రోజు సాయంత్రమే లాప్‌టాప్ తెరిచి రెండో ప్రపంచ యుద్ధపు విమానాల ఆట మొదలుపెట్టాడు. నా పోరు పడలేక ఒక్కసారి ఫైటర్లను పక్కన పెట్టి రష్యా వాళ్ల రెండు రెక్కల యూ-2 ఎక్కాడు. చెక్క చట్రం, దాని మీద గుడ్డ, వంద గుర్రాల శక్తి ఇంజన్. అది నేల విడిచి చెట్ల కొనలు దాటేసరికి వాడి టీ సగం అయిపోయింది. నది మలుపు చేరేలోగా వెనక నుంచి ఎవరో వచ్చి ఒక్క విడతలో కాల్చి పడేశారు. తెర మీద లెక్క వచ్చింది: కూల్చినవి సున్నా, చావులు ఒకటి.

"దీన్ని అసలు ఆటలో ఎందుకు పెట్టారు మామయ్యా?" అన్నాడు.

వాడి ప్రశ్న న్యాయమైనదే. పైపర్ ఎల్-4, స్టిన్సన్ ఎల్-5, జర్మనీ వాళ్ల స్టార్క్, బ్రిటన్ ఆస్టర్ వంటి తేలికపాటి పరిశీలక విమానాలను యుద్ధ విమానాల ఆటల్లో చేర్చాలన్నది ఆడేవాళ్లలో చాలాకాలంగా ఉన్న కోరిక. నాదీ అదే కోరిక. అయితే ఆటలు ఇప్పుడున్న తీరు మార్చకుండా వాటిని చేరిస్తే ఫైటర్ల వాళ్లకు మేత పెట్టినట్టే అవుతుంది. విమానాన్ని చేర్చడం సులువు. అది చేసే పనిని చేర్చడమే కష్టం.

ఆ పని ఏమిటో చెప్పడానికి మా వైపు మనుషులకు యుద్ధ చరిత్ర అక్కర్లేదు, మంచె చాలు. మహేంద్రగిరి వైపు సవర పల్లెలకు వెళితే మొక్కజొన్న చేలల్లో నాలుగు కర్రల మీద మంచెలు కనిపిస్తాయి. పైన కూర్చున్నవాడి చేతిలో వడిసెల, పక్కన ఒక డబ్బా. వడిసెల చిలకల కోసం. ఏనుగు వస్తే వడిసెల ఎందుకూ పనికిరాదు, డబ్బా కొట్టాలి. ఒడిశాలోని లఖారీ అడవుల ఏనుగులు సరిహద్దు దాటి శ్రీకాకుళం జిల్లాలో తిష్ట వేసినప్పటి నుంచి ఆ డబ్బా మోత విలువ రెండు రాష్ట్రాల వాళ్లకూ తెలుసు. మంచె మీది మనిషి ఏనుగుతో తలపడడు. అది ఎటు వస్తోందో పది ఇళ్లకు చెబుతాడు. అంతవరకే అతని పని, ఊరు నిలిచేది మాత్రం దాని మీదే.

ఎల్-4 ఎగిరే మంచె. దాని ఇంజన్ శక్తి 65 గుర్రాలు, అంటే ఇప్పటి మామూలు చిన్న కారుకు ఉండేటంత. వేగం గంటకు 140 కిలోమీటర్లు మించదు. అందులో కూర్చున్న పరిశీలకుడి ఆయుధం రేడియో. తమ ఫిరంగి గుండు ఎక్కడ పడిందో చూసి, "ఎడమకు 200, ముందుకు 400" అని చెబుతాడు. మొదటి గుండు లక్ష్యానికి అవతల పడితే రెండోది ఇవతల పడేలా చూస్తాడు. ఆ రెండింటి నడుమ దూరాన్ని సగం చేస్తాడు, మళ్లీ సగం చేస్తాడు. పది కిలోమీటర్ల దూరానికి గుండు చేరడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం గుడ్డ రెక్కల మీద తిరుగుతూ కాచుకోవాలి. ఇందులో ఆట లేదని ఎవరైనా అంటే, వాళ్లు గాలం వేసి చేప కోసం కూర్చున్న మనిషిని ఎప్పుడూ చూడలేదనుకోవాలి.

ఇక మార్కుల సంగతి. 1942 ఏప్రిల్ 4న కెనడా వైమానికుడు లియొనార్డ్ బర్చాల్ కాటలీనా అనే సముద్ర విమానంలో సింహళానికి దక్షిణాన గస్తీ తిరుగుతూ జపాన్ నౌకాదళాన్ని చూశాడు. కబురు రేడియోలో వెళుతుండగానే జపాన్ ఫైటర్లు అతన్ని కూల్చాయి. మిగిలిన యుద్ధమంతా అతను బందీగా గడిపాడు. మర్నాడు కొలంబో మీద దాడి జరిగింది, కానీ హెచ్చరిక ముందే అందింది. ఆ మరుసటి రోజు, ఏప్రిల్ 6న, బంగాళాఖాతంలో తిరుగుతున్న మరో జపాన్ దళం విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ బాంబుల కథ మన ఇళ్లలో ఇంకా చెప్పుకుంటున్నాం. రెండు రోజుల ముందు సముద్రం మీద చూసినవాడి కథ మాత్రం చెప్పుకోం. కాటలీనా తేలిక విమానం కాదు, ఒప్పుకుంటాను. కానీ పని అదే. ఇప్పటి ఆటల లెక్కలో బర్చాల్‌కు వచ్చే మార్కులెన్ని? మా మేనల్లుడికి వచ్చినవే: కూల్చినవి సున్నా, పోగొట్టుకున్న విమానం ఒకటి.

మార్కుల కన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. చాలా ఆటల్లో చూపు ఉచితం. శత్రు విమానం మీద ఎర్రటి పేరు వేలాడుతుంది. పటం మీద శత్రు ట్యాంకుల గుర్తులు వాటంతట అవే వెలుస్తాయి. ఊరందరికీ దివ్యదృష్టి ఇచ్చాక మంచె మీద కాపలా ఎవరికి కావాలి? అందుకే నా వాదన తలకిందులుగా కనిపించవచ్చు: పరిశీలక విమానాన్ని చేర్చడానికి ముందు ఆటలోంచి కొంత తీసేయాలి. ఎవరైనా వెళ్లి చూసి చెబితే తప్ప పటం మీద గుర్తు పడకూడదు. పడిన గుర్తు కొన్ని నిమిషాల్లో వెలిసిపోవాలి, ఎందుకంటే చూసిన ట్యాంకు చూసిన చోటే ఉండదు. ఫిరంగి గురి తప్పాలి, దాన్ని దిద్దే గొంతు కావాలి. ఆ గురి కుదిరి ఏది ధ్వంసమైనా అందులో పరిశీలకుడికి వాటా రావాలి, ప్రాణాలతో దిగితే ఇంకొంత రావాలి.

చరిత్రలో ఇంకో విశేషం ఉంది, ఏ ఆటా దాన్ని సరిగా పట్టుకున్నట్టు నాకు కనిపించలేదు. తలపై ఎల్-4 తిరుగుతున్నంతసేపూ జర్మన్ ఫిరంగులు చాలాసార్లు నోరు మూసుకునేవి. కాలిస్తే మెరుపు కనిపిస్తుంది. మెరుపు కనిపిస్తే ఆ చోటు మీద గుండ్ల వాన కురుస్తుంది. అంటే ఆ చిన్న విమానం ఏమీ చేయకుండానే, ఊరికే అక్కడ ఉండి యుద్ధం చేసేది. ఆ నిశ్శబ్దానికి మార్కు వేయగలిగిన ఆట తయారీదారుకు నేను దండం పెడతాను.

నెమ్మది విమానం ఊరికే చచ్చిపోతుందన్న అభ్యంతరం సగమే నిజం. కాస్త లెక్క వేద్దాం. రెక్కలను పక్కకు 45 డిగ్రీలు వాల్చి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తిరిగే విమానానికి 80 మీటర్ల వ్యాసార్థం చాలు. అదే వాలులో 400 వేగంతో వచ్చే ఫైటర్‌కు 1250 మీటర్లు పైగా కావాలి. వేగం నాలుగింతలైతే చుట్టు పదహారింతలు. వెనక నుంచి వచ్చే ఫైటర్ 300 మీటర్ల దూరంలో కాల్పులు మొదలుపెడితే, ఢీకొనేలోపు దానికి దొరికేది మూడున్నర సెకన్లు. ఆ సమయంలో చిన్న విమానం చెట్ల మీదికి దిగి పక్కకు తిరిగిపోతే ఫైటర్ మళ్లీ చుట్టు తిరిగి రావాల్సిందే. గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగంలో కూడా గాలిలో నిలిచే స్టార్క్ అయితే మరీ మొండిది. బతికి బయటపడాలంటే మాత్రం వెనక్కి చూసే రెండో మనిషి, మన కొండల వంటి నేల ఉండాలి. బల్లపరుపు మైదానంలో, ఒంటరిగా వెళ్తే మా వాడికి జరిగిందే జరుగుతుంది.

దీనికి ఆయుధాలు తగిలిద్దాం అనేవాళ్లు వెంటనే బయల్దేరతారు. వాళ్ల చేతిలో సాక్ష్యాలు లేకపోలేదు. అమెరికా అధికారి చార్లెస్ కార్పెంటర్ తన ఎల్-4 రెక్కల కింద ఆరు బజూకాలు (ట్యాంకుల మీద రాకెట్లు పేల్చే గొట్టాలు) కట్టి జర్మన్ ట్యాంకుల మీదికి వెళ్లాడు. 1945 ఏప్రిల్‌లో ఒక ఎల్-4 లోని ఇద్దరు పిస్తోళ్లతో కాల్చి స్టార్క్‌ను నేలకు దించారు. మన వైమానిక దళమూ తక్కువ తినలేదు. 1942 ఫిబ్రవరిలో బర్మాకు వెళ్లిన ఒకటో స్క్వాడ్రన్, సైన్యానికి కన్నుగా ఉండాల్సిన లైసాండర్‌లకు బాంబులు తగిలించి, మజుందార్ నాయకత్వంలో జపాన్ వాళ్ల విమానాశ్రయాల మీద వేసింది. ఆ నెలల్లోనే గంజాం, విశాఖ జిల్లాల నుంచి రంగం (రంగూన్) వెళ్లిన మన కూలీలు అడవుల గుండా నడిచి ఇళ్లకు వస్తున్నారు. ఆ బర్మా ఆకాశం ఆటల్లో కనిపించేదే అరుదు. అది నా వేరే ఏడుపు.

ఇవన్నీ గొప్ప కథలే, కానీ ఇవే విధి అయితే గొప్ప కథలు అయ్యేవి కావు. ఆటలో మొదటి రోజే ఆరు బజూకాలు ఇస్తే ఇక రేడియో ఎవరు ముడతారు? ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ అనే ఆటలో యూ-2 ఉంది, కానీ దాని ఆకర్షణ అంతా రాత్రి బాంబులదే. మంచె మనిషికి తుపాకీ ఇస్తే వాడు దిగి వేటకు పోతాడు, చేను ఏనుగుకు మిగులుతుంది.

మా వంటి ఊళ్లకు దీనితో ఒక స్వార్థం కూడా ఉంది. మా ఇంటి నెట్ నుంచి ఐరోపాలోని సర్వర్‌కు మాట వెళ్లి రావడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. వాన పడితే అదీ ఉండదు. 400 వేగంలో ఉన్న ఫైటర్ ఆ వ్యవధిలో 22 మీటర్లు జరిగిపోతుంది, అంటే దాని పొడవుకు రెండింతలు. మా వాడు గురి పెట్టేది శత్రువు మీద కాదు, శత్రువు ఖాళీ చేసిన గాలి మీద. 100 వేగంలో పోయే ఎల్-4 అదే వ్యవధిలో అయిదున్నర మీటర్లే జరుగుతుంది, దాని ఒంటి పొడవు కూడా కాదు. ఖరీదైన జాయ్‌స్టిక్ లేని పిల్లవాడు, కీబోర్డు మీద వేళ్లతో, ఈ నెట్‌తో జట్టుకు నిజంగా పనికొచ్చే చోటు ఆ విమానంలోనే ఉంది. చిన్న తెర మీద దూరపు ట్యాంకు ఒక చుక్కలా కనిపిస్తుందన్న ఇబ్బంది ఉంది, కాదనను. 300 మీటర్ల ఎత్తులో నెమ్మదిగా పోతే ఆ చుక్కను తేరిపార చూసే వ్యవధి మాత్రం దొరుకుతుంది.

వాడు పాతపట్నం వైపు బస్సెక్కాల్సిన ముందురోజు రాత్రి మళ్లీ యూ-2 తీశాం. ఈసారి నేను పక్కన కుర్చీ వేసుకుని, నోటుపుస్తకంలో నది, వంతెన, రెండు రోడ్లు గీసుకుని కూర్చున్నాను. వాడు లోయ అంచునే పోయాడు. రోడ్డు మీద దుమ్ము లేస్తున్న చోటు నేను చూపించాను. వాడు మైకులో తన జట్టుకు చెప్పాడు, మొదట ఇంగ్లీషులో, అవతల ఉన్నది బరంపురం కుర్రాడని తెలిశాక తెలుగులో. వాళ్ల బాంబర్లు వచ్చి ఆ వరుసను తగలబెట్టాయి. తిరిగి వచ్చి దిగేసరికి నలభై నిమిషాలైంది. తెర మీద లెక్క వచ్చింది: కూల్చినవి సున్నా, చావులు సున్నా. వాడు దాన్ని ఫోనులో ఫోటో తీసుకున్నాడు.