తిరిగే బల్ల గారికి శివారు విద్యార్థి వినతి

చైనా విందుల్లో గిన్నెలన్నిటినీ మోస్తూ అతిథుల నడుమ తిరిగే మహారాజశ్రీ గాజు బల్ల గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ కుశలం గురించి నేను ప్రత్యేకంగా అడగవలసిన పని లేదు. బీజింగు మొదలుకొని యిచాంగ్ దాకా మేము దిగిన ప్రతి ఊళ్ళోనూ మీరు మాకన్నా ముందే చేరి, నున్నగా తుడిపించుకుని, నడిమధ్యన ప్లాస్టిక్ పూలు పెట్టించుకుని, మా కోసం సిద్ధంగా ఉన్నారు. నా కుశలం మాత్రం కొంత విన్నవించుకోవలసి ఉంది.

గోదావరి డెల్టాలో పుట్టి, నీటిపారుదల ఇంజనీరింగు చదువుకుంటున్న వాళ్ళలో నేనొకణ్ణి. చైనాలో కాలువలు, ఆనకట్టలు, నీటి పంపిణీ పద్ధతులు చూసి రమ్మని మా కళాశాల మమ్మల్ని ఒక ఆచార్యుల వెంట పంపింది. చేతికిచ్చిన కార్యక్రమ పత్రంలో ఉదయం ఒక కట్టడం, మధ్యాహ్నం ఒక విందు, సాయంత్రం ఒక ఉపన్యాసం, రాత్రి మరొక విందు అని ఉంది. కట్టడాలు వానకో, ట్రాఫిక్కుకో, మరమ్మతులకో వాయిదా పడ్డాయి గానీ విందు ఒక్కటి కూడా తప్పలేదు. ఆ లెక్కన ఈ యాత్రలో నేను అందరికన్నా శ్రద్ధగా అధ్యయనం చేసిన కట్టడం మీరే. మీ మీద ఒక నివేదిక రాసిస్తే మార్కులు వేస్తారా అని మా ఆచార్యులను అడిగి చూశాను. ఆయన ముఖ్య అతిథి కుర్చీలో ఉండటం చేత, మధ్యలో మీ వ్యాసం అడ్డువచ్చి, నా వ్యాసం సంగతి ఆయన చెవిన పడలేదు.

గుండ్రటి బల్లకు తలా తోకా ఉండవు గనుక దాని చుట్టూ కూర్చున్న వారంతా సమానులేనని మీకు లోకంలో ఒక మంచి పేరుంది. కాలువ కింద సేద్యం చేసుకునే ఇళ్ళలో పుట్టినవాళ్ళు ఇలాంటి పేర్లను అంత తేలిగ్గా నమ్మరు. తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీ ఆతిథేయిది, ఆయన కుడిపక్కది ముఖ్య అతిథిది, అక్కడి నుంచి హోదా దిగుతూ దిగుతూ వచ్చి, తలుపుకు వీపు పెట్టి కూర్చునే చోటికి, అంటే నా చోటికి, చేరేసరికి అడుగంటిపోతుంది. మా వైపు దీన్ని శివారు ఆయకట్టు అంటారు. కాలువ మొదట్లో ఉన్న రైతు మడి గట్టు తెగి పొర్లుతుంటే, చివరి రైతు తూము దగ్గర గొడుగు వేసుకుని ఆకాశంలోకి చూస్తూ కూర్చుంటాడు. మీ ఏర్పాటు అంతకన్నా ఒక మెట్టు క్రూరమైనది. మా ఊళ్ళో శివారుకు నీరు రాదు. మీ దగ్గర ముందు శివారుకే వచ్చి, ఆ తరువాత వెళ్ళిపోతుంది.

బీజింగులో మొదటి రాత్రి సంగతి చెబుతాను. వడ్డించే అమ్మాయి నా ఎడమ భుజం మీదుగా చేయి చాచి, కాల్చిన బాతును సరిగ్గా నా ఎదుట దించింది. పలచగా కోసిన ముక్కలు, ప్రతి ముక్క అంచునా తేనె రంగులో పెటపెటలాడే చర్మం, పక్కనే దాన్ని అద్దుకోవడానికి చిన్న గిన్నెలో పంచదార. నేను తినే పుల్లలు (చాప్‌స్టిక్‌లు) సరిచేసుకుంటూ ఉండగానే ఆవలి ఒడ్డున ఆతిథేయి గారు గాజు అంచు మీద చూపుడు వేలు ఒక్కటి ఆనించారు. అంతే. బాతు నా ముందు నుంచి కదిలి, అరచుట్టు తిరిగి, మా ఆచార్యుల ముందు ఆగింది. ఆయన శుద్ధ శాకాహారి. ఆయన చిరునవ్వుతో వద్దన్నాక అది వయసు ప్రకారం, జీతం ప్రకారం ఒక్కొక్క చోట మజిలీ చేస్తూ తిరిగి నా దగ్గరకు వచ్చేసరికి, పళ్ళెంలో బాతు ఉండిన గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. ఉల్లికాడల చీలికలు మాత్రం పుష్కలంగా మిగిలాయి.

మా కాలువల మీద తూములు ఎత్తి దించే ఉద్యోగిని లస్కరు అంటారు. చీఫ్ ఇంజనీరు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటాడు గానీ పొలానికి నీరు ఎప్పుడు, ఎంత అన్నది లస్కరు చేతిలో ఉంటుంది. ఆ చేయి ఎవరి మాట వింటుందో ఊళ్ళో అందరికీ తెలుసు. మీ అంచు మీద ఆనిన ఆ వేలును చూసిన క్షణంలోనే నాకు లస్కరు కనిపించాడు.

జెంగ్‌జౌలో జరిగినది మరొక రకం. పసుపు నది తెచ్చి పోసే ఒండ్రు గురించి, దానివల్ల నది అడుగు చుట్టుపక్కల నేలకన్నా ఎత్తుకు లేచి, గట్ల మధ్య వేలాడుతున్నట్టు పారడం గురించి పొద్దున ఎంతో చక్కని పాఠం విన్నాం. మధ్యాహ్నం అదే నది పేరు చెప్పి, తీపి పులుపుల ఎర్రని పులుసులో నిలువెల్లా వేయించిన కార్పు చేపను మీ మీద పెట్టారు. చేప తల ఎవరి వైపు తిరిగి ఆగితే ఆ వ్యక్తికి గౌరవం. ఆయన ముందుగా పాత్ర ఎత్తి తాగి, ముందుగా చేపను ముట్టేదాకా మరొకరు ముట్టకూడదు. మీరు తిరిగి తిరిగి మళ్ళీ మా శాకాహారి ముందే ఆగారు. ఆతిథేయి చిరునవ్వుతో ఆయన వైపు చూస్తున్నారు. ఆతిథేయి మొదలుపెడతారని మా ఆచార్యులు అంతకన్నా పెద్ద చిరునవ్వుతో ఆయన వైపు చూస్తున్నారు. పులస పేరు చెబితే పుస్తెలు అమ్ముకునే గడ్డ మీద పుట్టిన మేము, వేడి వేడి చేప కళ్ళ ముందే చల్లారిపోతుంటే, పులుసు మీద మీగడలా పొర కడుతుంటే, ఊపిరి బిగపట్టి కూర్చున్నాం. చివరకు దుభాషి చెవిలో సంగతి చెప్పగా, మా ఆచార్యులు లేచి నిలబడి, చేపకు చేతులు జోడించి, టీ కప్పు పైకెత్తి, నదీ జీవావరణంలో కార్పు జాతి పాత్రను గురించి రెండు ముక్కలు మాట్లాడి కూర్చున్నారు. ఆతిథేయి గారు ఎంతో ముచ్చటపడి, తన నోట్లోకి వెళ్ళి వచ్చిన పుల్లలతోనే చేప బుగ్గ దగ్గరి మెత్తని ముక్క తీసి, ఆయన పళ్ళెంలో స్వయంగా వడ్డించారు. మాంసం ఒక ఎత్తు, ఎంగిలి మరొక ఎత్తు. విందు ముగిసేదాకా ఆ ముక్క అక్కడే ఉంది, ఆయన చిరునవ్వూ అక్కడే ఉంది.

ఎంగిలి అనే మాట వచ్చింది గనుక మీ పుట్టుక గురించి కొంచెం చెప్పక తప్పదు. మీరు వేల ఏళ్ళ చైనా సంప్రదాయమని మా బృందంలో చాలామంది అనుకుంటున్నారు. మీరూ ఆ భ్రమను తొలగించే ప్రయత్నం చేసినట్టు కనబడదు. ఈ రూపంలో మిమ్మల్ని చైనా భోజనశాలలోకి తెచ్చిన ఘనత చాలావరకు నేటి మలేషియాలోని పెనాంగులో 1879లో పుట్టి, కేంబ్రిడ్జిలో వైద్యం చదివిన ఊ లియెన్‌టే అనే డాక్టరుది. 1910–11 చలికాలంలో హార్బిన్ నగరం సహా ఈశాన్య చైనాలో ప్లేగు సుమారు 60,000 మందిని బలి తీసుకున్నప్పుడు, జాలిగుడ్డ మాస్కులు కట్టించి దాన్ని అదుపు చేసిన మనిషి ఆయన. అందరి పుల్లలూ ఒకే గిన్నెలోకి దిగే అలవాటు వల్ల రోగాలు పాకుతున్నాయని ఆయన బాధ. ఎవరి పళ్ళెం వారికి పెట్టడం మేలని తెలిసినా, కలిసి తినే రుచిని జనం వదులుకోరని గ్రహించి, మధ్యేమార్గంగా 1915లో తిరిగే పళ్ళేన్ని ప్రతిపాదించారు. గిన్నె గిన్నెకూ వేరే చెంచా ఉంటుంది, బల్ల తిరుగుతుంది, ఎవరి పుల్లలు వారి హద్దులో ఉంటాయి. మా అమ్మమ్మకు ఆ డాక్టరు గారి పేరు తెలియదు గానీ, తెలిసి ఉంటే ఆయన పటం కట్టి గోడకు పెట్టుకునేది.

అయితే జరిగినదేమిటి? లోకం మీ తిరుగుడును ఉంచుకుని చెంచాను వదిలేసింది. ఎంగిలిని ఆపడానికి పుట్టిన మీరు, పన్నెండు మంది ఎంగిలిని వంతుల వారీగా అందరి ముందుకూ చేరవేసే వాహనమయ్యారు. కొవిడ్ వచ్చిన 2020లో వడ్డనకు వేరే పుల్లలు వాడాలని అక్కడ మళ్ళీ గట్టిగా ప్రచారం చేశారు. మా ముందు కూడా ఒక్కొక్కరికి నల్లవి ఒక జత, తెల్లవి ఒక జత పెట్టారు. ఏ జత పళ్ళేనికి, ఏ జత నోటికి అన్నది మొదటి వడ్డనలో అందరికీ జ్ఞాపకం ఉంది. మూడో వడ్డన నాటికి అద్వైతం సిద్ధించింది.

మీ వంశంలో ఇంతకన్నా పాత పెద్ద ఒకరున్నారని కూడా తెలుసుకున్నాను. వాంగ్ జెన్ అనే అధికారి 1313లో రాసిన వ్యవసాయ గ్రంథం మా శాఖ వాళ్ళకు నీటి చక్రాల బొమ్మల వల్ల పరిచయం. అందులోనే చెక్క అక్షరాలు పేర్చే ముద్రాపకుడి కోసం తిరిగే బల్ల ఒకటి వర్ణించారు. అక్షరం కోసం మనిషి నడవకుండా, కూర్చున్న చోటికి అక్షరమే తిరిగి వస్తుంది. ఆ బల్లకు ముఖ్య అతిథి లేడు. కావలసిన అక్షరం కావలసినవాడి దగ్గర ఆగేది.

షియాన్‌లో మీకు ఒక పూట సెలవు దొరికింది. అక్కడ గట్టి రొట్టెను ఎవరికి వారే వేళ్ళతో చిదిమి గిన్నెలో వేసుకుంటే, వంటవాడు ఆ గిన్నెను తీసుకెళ్ళి గొర్రెమాంసం పులుసు పోసి తెస్తాడు. గిన్నెలు తారుమారు కాకుండా ఒక్కొక్కదానికి ఒక్కో నంబరు కూడా ఉంది. నా నంబరు, నా గిన్నె, నా ముక్కలు. ఆ పూట బల్ల చుట్టూ అందరూ నిజంగా మాట్లాడుకున్నారు, ఎందుకంటే ఎవరూ ఏ గిన్నె ఎటు పోతున్నదా అని కనిపెట్టి ఉండవలసిన అవసరం లేకపోయింది. నగరం ప్రాకారం మీద సాయంత్రం సైకిలు తొక్కాం. అది మీకు సంబంధం లేని ఆనందం గనుక ఇక్కడ రాయను.

దూజియాంగ్‌యాన్ సంగతి మాత్రం మీరు శ్రద్ధగా వినాలి. చెంగ్డూకు దగ్గరలో మిన్ నది మీద క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే పాలకుడు చేయించిన ఏర్పాటు అది. 6 లక్షల హెక్టార్లకు పైగా ఈనాటికీ దాని నీటితో పండుతున్నది. ఆ పాత ఏర్పాటులో నదికి అడ్డంగా ఆనకట్ట లేదు. ప్రవాహం మధ్యలో చేప నోరులాంటి గట్టు ఒకటి నీటిని రెండు పాయలుగా చీలుస్తుంది. లోపలి పాయ ఇరుకు, లోతు. బయటి పాయ వెడల్పు, మెరక. నీరు తక్కువైన రోజుల్లో పదింట ఆరు పాళ్ళు లోతును వెతుక్కుంటూ పొలాల వైపు వెళ్తాయి. వరద వస్తే అదే లెక్క తిరగబడి ఆరు పాళ్ళు వెడల్పు దారిన బయటికి పోతాయి. లీ బింగ్ నాటి ఆ ఏర్పాటులో తలుపు లేదు, తూము లేదు, లస్కరు లేడు. మా ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింద ఇన్నేళ్ళుగా నీళ్ళు తాగుతున్న ఊరివాణ్ణి గనుక, ఎవరి వేలూ అంచు మీద ఆనకుండా పంపకం జరగడం చూసి చాలాసేపు ఆ గట్టు మీదే నిలబడిపోయాను. మధ్యాహ్నం విందుకు ఆలస్యమవుతున్నదని బస్సు హారన్ కొట్టేదాకా అక్కడే ఉన్నాను. ఆ చేప నోటి దగ్గర గడిపిన సమయం, ఆ తరువాత మీ మీద ఉన్న చేప ముందు గడిపిన సమయంలో సగం కూడా లేదు.

వేలు లేని బల్ల కావాలని నేను మనసులో కోరుకున్నది మీకు తెలిసిపోయినట్టుంది. యిచాంగ్‌లో మోటారుతో తిరిగే అవతారంలో దర్శనమిచ్చారు. యాంగ్జీ నది మీది త్రీ గోర్జెస్ ఆనకట్ట 181 మీటర్ల ఎత్తు, రెండు కిలోమీటర్లు దాటిన పొడవు, 22,500 మెగావాట్ల విద్యుత్తు, ఓడలు ఎక్కి దిగే అయిదంచెల లాకులు. ఇవన్నీ పొగమంచులో చూపించి, తొందరగా మీ దగ్గరకు తీసుకొచ్చారు. ఇరవై మంది పట్టే బల్ల, నడుమ నకిలీ కొండలు, నకిలీ జలపాతం. మీరు ఎవరి కోసమూ ఆగలేదు, ఎవరినీ దాటవేయలేదు. ఇంతకన్నా నిష్పక్షపాతం ఉండదు. వేరుశనగ గింజల గిన్నె నా ముందుకు వచ్చింది. వెనిగరులో నానిన గింజ పుల్లల మధ్య నిలవదు. ఒకటి జారింది, రెండోది పట్టుబడింది, ఎత్తబోయేసరికి గిన్నె మా పక్కవాడి హద్దులోకి వెళ్ళిపోయింది. నేను కుర్చీలోంచి ఒరిగి, అతని చేతి కింద నుంచి, ఆ పైన అతని పక్కవాడి చేతి కింద నుంచి గిన్నెను కొంతదూరం వెంబడించాను. ఆ స్విచ్చు మాత్రం ఆతిథేయి గారి కుర్చీ వెనుక గోడకు ఉంది. పీత వచ్చినప్పుడు అది ఆయన ఎదుటే ఆగిపోవడం నేను ఒక్కణ్ణే గమనించానని అనుకోను.

కావున నా ప్రార్థన ఇది. మీ అంచు మీద వేలు పెట్టే హక్కును వంతులవారీ చేయవలెను. మా కాలువలకు ఆ పద్ధతి ఉంది, ఎండిన ఏడాదైనా అది అమలవుతుంది. ఆతిథేయి గారికి మొదటి చుట్టు, అభ్యంతరం లేదు. రెండో చుట్టు తలుపు దగ్గరి కుర్చీ నుంచి మొదలుకావలెను. చేప తలను శాకాహారి ముందు ఆపకుండా చూడవలెను. డాక్టరు గారు ప్రతి గిన్నెలో పెట్టమన్న చెంచాను వెతికించి తెప్పించవలెను. అన్నం విషయం వేరే రాయాలి గానీ క్లుప్తంగా చెబుతాను: కూరలన్నీ అయిపోయి, కడుపులు నిండి, ఎవరికీ అక్కర లేనప్పుడు చిన్న గిన్నెలో అన్నం వస్తుంది, దాని వెనకే పుచ్చకాయ ముక్కలు రాగానే అందరూ లేచి నిలబడతారు. అన్నానికీ పుచ్చకాయకూ మధ్య ఇంకొంచెం వ్యవధి ఇప్పించగలరు.

ఇట్లు,
భవదీయుడు,
తలుపుకు వీపు పెట్టి కూర్చున్న విద్యార్థి

తా.క. మిగిలిన పదార్థాల గురించి. అవసరానికి మించి తెప్పించేలా గిరాకీలను ప్రేరేపించే హోటళ్ళకు హెచ్చరిక చేసి, మాట వినకపోతే 10,000 యువాన్ల వరకు జరిమానా వేయవచ్చని 2021లో చట్టం చేశారట. ఆ చట్టం పుణ్యమా అని యిచాంగ్‌లో మిగిలిన వేరుశనగలను డబ్బాలో కట్టి ఇచ్చారు. హోటలు గదిలో మంచం మీద కూర్చుని చేత్తో తిన్నాను. మీ లేఖ అందితే ఆ గింజల రుచి వివరంగా రాస్తాను.