దశాంశాలకు గుండు

సర్వే పట్టికలో తలలు తరుగుతాయి, శాతాలు పెరుగుతాయి. దీన్ని తప్పంటే పాపం తగులుతుంది.

పొద్దున్నే ఏం తింటారని 200 మందిని అడిగారనుకుందాం. అడిగేవాళ్లు టీకొట్టు దగ్గర కాపు కాశారు కాబట్టి 150 మంది మగవాళ్లు, 50 మంది ఆడవాళ్లు దొరికారు. ఊళ్లో మాత్రం సగం సగం. అందుకని ఊరి లెక్కకు సరితూగేలా ఒక్కొక్కరికి వెయిటేజీ, అంటే బరువు, కట్టారు. మగవాడికి 100/150, అంటే 0.6667. ఆడమనిషికి 100/50, అంటే 2. ముగ్గురు మగవాళ్లు కలిస్తే ఒక ఆడమనిషికి సమానం. చాలా ఇళ్లలో ఇది పాత లెక్కే.

మగవాళ్లలో ఇడ్లీకి 50, దోసెకు 50, ఉప్మాకు 50. ఆడవాళ్లలో 17, 17, 16. వెయిటేజీ వేస్తే 67.33, 67.33, 65.33. మొత్తం 200, పేచీ లేదు. కానీ మూడో వంతు మనిషిని అచ్చు వేయలేరు కదా, దశాంశాలకు గుండు కొట్టించారు, అంటే దగ్గరి పూర్ణసంఖ్యకు సర్దారు: 67, 67, 65. కూడితే 199! ఒకాయన టిఫిను ముట్టకుండానే మాయం. ఇక శాతాలు 33.67, 33.67, 32.67. గుండు అయ్యాక 34, 34, 33. మొత్తం 101. మనిషి తగ్గాడు, శాతం పెరిగింది.

పోనీ 100కి సర్దుదామంటే, దశాంశాలన్నీ కోసేస్తే 98 వస్తుంది. పంచాల్సినవి రెండు, అడిగేవాళ్లు ముగ్గురు, ముగ్గురి తోకలూ 0.67. కోత ఉప్మాకే పడుతుంది. దాని తరఫున ఎవరు మాట్లాడతారు?

తొందరపడి వెయిటేజీకే ముందు గుండు కొట్టి 0.7 చేశారా, 150 మంది మగవాళ్లు 100కు బదులు 105 అవుతారు. అయిదుగురు కొత్తగా పుట్టారు, పురుడు పోసింది ఎక్సెల్. అందుకే తెలిసినవాళ్లు దశాంశాలను చివరిదాకా మోసి, అచ్చుకిచ్చేటప్పుడే మంగలిని పిలుస్తారు.

పట్టిక కింద ‘200 మందిని అడిగాం’ అని దర్జాగా ఉంటుంది. తూకం వేశాక ఆ 200 మంది నిజానికి ఎందరి పెట్టో తేలాలంటే, వెయిటేజీల మొత్తాన్ని వర్గం చేసి, వాటి వర్గాల మొత్తంతో భాగించండి: 40,000/266.67. వచ్చేది 150. మిగతా 50 మంది తూకంలో తరుగు.

మనది చిన్న తూకం. 2016 అమెరికా ఎన్నికలప్పుడు యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ), లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక కలిసి నడిపిన సర్వేలో ఇలినాయ్‌కి చెందిన 19 ఏళ్ల నల్లజాతి కుర్రాడొకడు ఉన్నాడు. వెయిటేజీ కట్టడానికి జనాన్ని విడగొట్టిన గడుల్లో అతని వయసు గడి మరీ చిన్నది, దానికి తోడు గత ఎన్నికల్లో ఓటు ఎవరికన్న గడి కూడా కలిసింది. సగటు మనిషికి 30 రెట్లు, అందరికన్నా తేలికవాడికి 300 రెట్లు దాకా బరువు తూగాడు. అతని మొగ్గు ట్రంప్ వైపు. లెక్కలోకి వచ్చేది చివరి ఏడు రోజుల జవాబులే. అక్టోబరులో ఆ కుర్రాడు ఒక వారం జవాబివ్వలేదు. ఆ సర్వేలో హిల్లరీ ముందుకొచ్చేసింది.