సూది చూసి పడిపోయే మా అమ్మను చూసి నవ్వొద్దు

మొన్న ఎర్రగుంట్లలో ఒక పెళ్ళికి పోతే మళ్ళీ అదే మాట. "ముగ్గురు పిల్లల్ని కన్నావు, సూదికి భయపడతావేంది వదినా?" అని మా చిన్నాయన అందరి ముందూ అన్నాడు. బంతిలో కూర్చున్నోళ్ళంతా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, తల వంచుకుని. ఆ నవ్వు చూసి నాకు అన్నం దిగలేదు.

అమ్మకు షుగర్ అని తెలిసి ఆరేళ్ళు. మొదటి ఏడాదిలోనే కడపలో ఒక ల్యాబుకు తీసుకుపోయాం. చెయ్యి వెనక్కి లాక్కుంటోందని ఇద్దరు గట్టిగా పట్టుకున్నారు, ఇంకొకరు తల పక్కకు తిప్పారు, బలవంతంగా సూది గుచ్చారు. కుర్చీలోంచి జారి పడింది. కనుబొమ్మ చిట్లింది. "ఇట్ల చేస్తేనే భయం పోతుంది" అని అక్కడున్న ఒకాయన అంటే నేనూ సరేనన్నాను. అట్లా అన్నందుకు ఈ రోజుకీ బాధపడుతున్నా. ఆ తర్వాత నాలుగేళ్ళు అమ్మ ల్యాబు గడప తొక్కలేదు. ఈ రోజు ఏకాదశి, రేపు అమావాస్య, ఎల్లుండి చుట్టాలొస్తారు అని ఏదో ఒక సాకు చెప్పేది. మేమేమో బద్ధకం అనుకున్నాం.

పెద్ద దర్గాకు పోయి తాయెత్తు కట్టించాం. మనసుకు కొంత ధైర్యం వచ్చిందని అమ్మే చెప్పింది, నేను కాదనను. కానీ సూది కనబడగానే కాళ్ళూ చేతులూ చల్లబడటం ఆగలేదు.

చివరికి బెంగళూరులో ఉండే ఒక సైకాలజిస్టుతో వీడియో కాల్‌లో మాట్లాడాం. ఆమె తెలుగులోనే, ఓపికగా, అసలు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పింది. కుక్కకో, ఎత్తుకో, లిఫ్టుకో భయపడేవాళ్ళకు గుండె వేగమూ బీపీ పెరుగుతాయి. కళ్ళు తిరుగుతున్నట్టు అనిపించినా వాళ్ళు నిజంగా పడిపోవడం అరుదు. రక్తం, సూది భయం అట్లాంటిది కాదు. ముందు గుండె వేగం పెరుగుతుంది, ఆ వెంటనే గుండె వేగమూ బీపీ రెండూ ఒక్కసారిగా తగ్గిపోతాయి. మెదడుకు రక్తం చాలదు, మనిషి పడిపోతాడు. ఈ భయం ఒకే కుటుంబంలో చాలామందికి ఉండటం మామూలేనట. మా జేజి కోడిని కోసేటప్పుడు ఇంట్లోకి పోయి తలుపేసుకునేదని అప్పుడు గుర్తొచ్చింది.

బీపీ తగ్గి పడిపోయే మనిషికి మనమంతా ఏం చెప్తున్నాం? "ఒళ్ళు వదులు చెయ్యమ్మా, రిలాక్స్ అవ్వు" అని. అక్కడ కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం! 1980లలో స్వీడన్‌కు చెందిన లార్స్ గోరన్ ఓస్ట్ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్ళు దీనికోసమే అప్లైడ్ టెన్షన్ అనే పద్ధతి తెచ్చారు. టెన్షన్ అంటే ఇక్కడ మనం అనుకునే కంగారు కాదు, కండరాలు బిగించడం. చేతులు, కాళ్ళు, పొట్ట పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించాలి, మొహం వేడెక్కినట్టు అనిపించేదాకా. తర్వాత వదలాలి, కానీ పూర్తిగా వాలిపోకూడదు, మామూలుగా కూర్చోవాలి. అరనిమిషం ఆగి మళ్ళీ. అట్లా ఐదుసార్లు. దీంతో బీపీ పడిపోకుండా నిలబడుతుంది. అమ్మ పొద్దున దేవుడికి దీపం పెట్టాక రోజూ చేసేది.

దాంతోపాటే, భయపడేదాన్ని ఒక్కో మెట్టుగా కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చుకోవడం. మొదట ఫోన్‌లో సూది బొమ్మ. తర్వాత టీవీ పక్కన ఖాళీ సిరంజి. దాన్ని చేత్తో పట్టుకోవడానికే తొమ్మిది రోజులు పట్టింది. ఆ తర్వాత నేను రక్తం ఇస్తుంటే పక్కన కూర్చుని చూడటం. ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో అమ్మే చెప్పేది. తప్పించుకున్న ప్రతిసారీ హమ్మయ్య అనిపిస్తుంది కదా, ఆ హమ్మయ్యే భయానికి మేత అని ఆ సైకాలజిస్టు చెప్పిన మాట మా ఇంట్లో అందరికీ నోటికొచ్చేసింది. "చూడకు, తల తిప్పుకో" అని మేం ప్రేమతో చెప్పిందీ అదే పని చేసిందన్నమాట.

ఇదేదో నిన్న మొన్న పుట్టిన వైద్యం కాదు. కుందేలంటే హడలిపోయే ఒక చిన్న పిల్లాడికి, ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చి భయం పోగొట్టానని మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా సైకాలజిస్టు రాసింది 1924లో. జోసెఫ్ వోల్పే అనే మానసిక వైద్యుడు 1958లో ఈ మెట్ల పద్ధతిని ఒక క్రమంలో పెట్టాడు. వందేళ్ళ నుంచి ఉన్న విషయం మన కడపలో ఒక మామూలు ఇంటికి చేరలేదంటే నాకు కోపం రాదా? సైకాలజిస్టు అనగానే "మీ అమ్మకు పిచ్చా?" అని అడిగినోళ్ళు ఎంతమందో. డబ్బు లేదనుకుంటే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 నుంచి ఉంది, ఉచితం. తెలుగులో మాట్లాడతారు.

పోయిన నెల అమ్మ మూడు నెలల షుగర్ టెస్టు చేయించుకుంది. మంచం మీద పడుకుని, కాళ్ళు బిగించి, "ఆగు నాయనా, నేను చెప్పినాక గుచ్చు" అంది. ఆ పిల్లోడు ఆగాడు. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. భయం పోయిందా అంటే పోలేదు. పొద్దున నుంచి మంచినీళ్ళు కూడా సరిగా తాగలేదు. అయినా పడిపోలేదు.

చిన్నాయనా, నువ్వూ ఇది చదువుతావని తెలుసు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఆ మాట మళ్ళీ అనొద్దు. అడగాలనిపిస్తే టెస్టు ఎట్లా జరిగిందో అడుగు, అమ్మే చెప్తుంది.