ఫ్లూమజెనిల్ కంటే ముందు ఊపిరి చూడండి

కల్తీకల్లు తాగి స్పృహ తప్పినవాళ్లకు ఆసుపత్రికి రాగానే ఫ్లూమజెనిల్ అనే విరుగుడు మందు ఎక్కించాలని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ వాక్యం సవరించండి. తెలంగాణలో ఆల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్లు రోజూ తాగేవాళ్ల మెదడు ఆ మందుకు అలవాటుపడి ఉంటుంది. విరుగుడు ఒక్కసారిగా పడితే ఫిట్స్ వస్తాయి, వాటిని ఆపాల్సిన లోరాజిపామ్ కూడా అప్పుడు సరిగా పనిచేయదు. పైగా ఫ్లూమజెనిల్ ప్రభావం దాదాపు గంటలో తగ్గిపోతుంది. ఆల్ప్రాజోలం రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు 11 గంటలు పడుతుంది. లేచి మాట్లాడిన మనిషి మళ్లీ మత్తులోకి జారతాడు.

ముందు దవడ ఎత్తి, నోట్లోని వాంతి సక్షన్‌తో తీసి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో గడియారం చూసి లెక్కపెట్టాలి. ఆక్సిజన్ మాస్క్ పెట్టాక వేలి క్లిప్ ఆక్సిజన్ 98 శాతం చూపిస్తున్నా లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతూ ఉండొచ్చు. ఆ అంకెను నమ్మి పక్క మంచానికి వెళ్లిపోవడమే పెద్ద పొరపాటు. వదిలే ఊపిరిలో ఆ వాయువును కొలిచే కాప్నోగ్రాఫ్ ఉంటే తగిలించండి. ఊపిరి చాలకపోతే చేత్తో నొక్కి గాలి అందించే అంబు బ్యాగ్, అవసరమైతే శ్వాసనాళంలోకి ట్యూబ్.

షుగర్ వెంటనే చూడాలి. కల్లులో క్లోరల్ హైడ్రేట్ అనే మరో మత్తుమందు కూడా కలుపుతారు కాబట్టి ఈసీజీ తప్పనిసరి. ఆ మందు గుండె లయ చెడగొడుతుంది. మగతలో ఉన్నవాళ్లకు చార్‌కోల్ (విషాన్ని పీల్చే బొగ్గు పొడి) తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వద్దు.

ఇంటికి పంపేముందు ఎన్నాళ్లుగా తాగుతున్నారో అడగండి. కల్లు మానేసిన రెండు మూడు రోజులకే ఫిట్స్‌తో తిరిగి రావచ్చు.