ట్యాబ్‌లు పంచితే చదువు వచ్చేస్తుందా?

వెనుకబడిన ప్రాంతాల చదువులను సాంకేతికతతో బాగుచేయాలని పెద్దఎత్తున ఖర్చు పెట్టిన దేశాల్లో పెరూ ఒకటి. అక్కడి ప్రభుత్వం ఎనిమిది లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లను బడిపిల్లలకు అందించింది. వాటి ప్రభావంపై ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ 2012లో వెలువరించిన అధ్యయనం, గ్రామీణ పాఠశాలల్లో గణితంలోగానీ భాషలోగానీ మెరుగుదల కనిపించలేదని తేల్చింది.

ఢిల్లీ అనుభవం ఇందుకు భిన్నం. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు బడి వేళల తర్వాత ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిపిన కేంద్రాలను కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. లాటరీలో అవకాశం దక్కిన పిల్లలు నాలుగున్నర నెలల్లోనే గణితంలోనూ హిందీలోనూ మిగిలినవారిని స్పష్టంగా దాటిపోయారు.

ఈ తేడాకు మూలం ఎక్కడుంది? అక్కడి ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారు. సిలబస్ పూర్తిచేయాల్సిన ఉపాధ్యాయుడికి వెనక్కి వెళ్లే వెసులుబాటు ఉండదు. సాఫ్ట్‌వేర్ మాత్రం ముందుగా పరీక్ష పెట్టి, పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో అక్కడి నుంచే మొదలుపెట్టింది. సగానికి మూడో వంతు కలిపితే ఐదింట రెండు వంతులని రాసే విద్యార్థి పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడుతున్నాడన్నమాట. ఆ పొరపాటును పట్టుకుని సరిదిద్దితేనే అతనికి తర్వాతి పాఠం ఎక్కుతుంది. పైగా ఆ కేంద్రాల్లో రోజూ 45 నిమిషాలు సాఫ్ట్‌వేర్‌తో గడిస్తే, మరో 45 నిమిషాలు చిన్న బృందాలకు బోధకుడు దగ్గరుండి చెప్పేవాడు. ఈ సంగతిని మన ప్రభుత్వాలు తరచూ విస్మరిస్తున్నాయి.

ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు ఇచ్చింది. పేదింటి పిల్లల చేతికి మంచి పరికరం అందడం హర్షించదగినదే. అయితే భాగహారం రాని పిల్లవాడికి ఎనిమిదో తరగతి పాఠాన్నే వీడియోలో చూపిస్తే, తరగతి గదిలో అర్థంకానిది తెరపైన కూడా అర్థంకాదు. కరోనా కాలంలో దూరదర్శన్‌లో, తెలంగాణ ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-శాట్‌లో ప్రసారమైన పాఠాలకూ ఇదే పరిమితి: సందేహం వచ్చిన పిల్లవాడు ఆపి అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు. అదే సమయంలో ఆఫ్రికా దేశమైన బోట్స్‌వానాలో వారానికోసారి మామూలు ఫోన్‌కాల్‌తో, ఎస్‌ఎంఎస్‌లతో లెక్కలు నేర్పించి మంచి ఫలితం సాధించారు.

కాబట్టి తర్వాతి కొనుగోలుకు టెండర్లు పిలిచేముందు విద్యాశాఖ మూడు షరతులు రాసుకోవాలి. ప్రతి పిల్లవాడి స్థాయినీ తెలుగులో పరీక్షించాలి. ఆ వివరాలు వారం వారం ఉపాధ్యాయుడికి చేరాలి. వాటిని చూసి వెనుకబడినవారికి మళ్లీ చెప్పేందుకు టైంటేబుల్‌లో పీరియడ్ కేటాయించాలి. ఈ మూడోదానికి బడ్జెట్‌లో పెద్దగా పైసా అక్కర్లేదు, కానీ సిలబస్ ఒత్తిడి తగ్గించకుండా అది సాధ్యం కాదు.